సాయ్‌పిన్ సాకిన బువాలై

ఆపరేషన్ థియేటర్ నుంచి ఐసుపెట్టె పట్టుకుని నాలుగో అంతస్తుకి వెళ్లడం నా ఉద్యోగం. పెట్టెలో ఉండేది ఎవరి కడుపులోంచో కోసి తీసిన గడ్డలో చింతగింజంత ముక్క. దాన్ని అందుకునే మనిషి సాయ్‌పిన్. "భోంచేశావా అన్నా?" అని అడగకుండా ఆమె ఏనాడూ పెట్టె పుచ్చుకోలేదు. తినకుండానే తిన్నానంటే ఇట్టే కనిపెట్టేసేది. అలాంటి మనిషికి నా అన్నవాళ్లు లేరని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. ఒంటరివాళ్లు ఎప్పుడూ మొహం వేలాడేసుకుని ఉంటారని మనకో పిచ్చి నమ్మకం. సాయ్‌పిన్ బాగానే నవ్వేది. కాకపోతే నవ్వడం అయిపోయాక ఏం చేయాలో తోచనట్టు చేతులు చూసుకుంటూ నిలబడేది.

ఆమె పని చెబుతాను. ఆ ముక్కని సన్నగా తరిగి, మందునీళ్లలో విడదీసి, మంచులా చల్లటి జిగురులో కలిపి, పళ్లెంలో చుక్కలు చుక్కలుగా పెడుతుంది. జిగురు చలిలో నీళ్లలా ఉంటుంది, కాస్త వెచ్చబడిందా గట్టిపడిపోతుంది. అందుకే ఆ కాసేపూ ఎవరైనా పలకరించినా పలకదు. తర్వాత పళ్లేన్ని ఒంటి వేడి ఉండే పెట్టెలో పెట్టి, రోజు విడిచి రోజు మేత మారుస్తుంది. అదృష్టం బాగుంటే కొన్నాళ్లకి చుక్కలో గుండ్రటి బుడిపెలు లేస్తాయి. మైక్రోస్కోపులో చూస్తే అచ్చం ఉడికిన సగ్గుబియ్యమే. వాటిని మేం చిట్టిగడ్డలు అంటాం.

వెనకటికి క్లోమం క్యాన్సర్‌ని పళ్లెం అడుగున పొరలా పరిచి పెంచేవాళ్లట. అలా పరిస్తే ఏ మందు పోసినా చచ్చేది. డాక్టర్లు సంబరపడిపోయి అదే మందు రోగికి ఎక్కిస్తే, లోపలున్నది చెక్కు చెదిరేది కాదు. కడుపులో ఉన్నట్టే ముద్దగా పెంచితేగానీ దాని అసలు మొండితనం బయటపడదు. అలా పెంచిన చిట్టిగడ్డల మీద ఒక్కో చోట ఒక్కో మందు పోసి, ఏది దేనికి లొంగుతుందో చూసి, ఆ రోగికి ఆ మందే ఇప్పించాలని మా ప్రొఫెసర్ వన్‌విపా గారి తాపత్రయం. మంచిదే. కానీ క్లోమం క్యాన్సర్‌కి ఆగే ఓపిక లేదు. బుడిపెలు పెరిగి, మందులు పోసి, జవాబు వచ్చేసరికి చాలాసార్లు వార్డులో ఆ మంచం మీద ఇంకెవరో ఉండేవారు. జవాబు మాత్రం సాయ్‌పిన్ చేతిలో మిగిలేది. దాన్ని ఎవరికివ్వాలో తెలియక ఆమె పడే బాధ నేను కళ్లారా చూశాను.

థాయ్‌లాండ్‌కి ఈశాన్యాన ఉన్న మా ఇసాన్‌లో పసిబిడ్డని చూసి ముద్దుగా ఉన్నాడని ఎవరూ అనరు. ఆ మాట వింటే దయ్యాలు ఎత్తుకుపోతాయి. "ఛీ, ఎంత వికారంగా ఉన్నాడో!" అని మురిసిపోతాం. సాయ్‌పిన్ చిట్టిగడ్డలకీ అదే మర్యాద చేసేది.

"ఛీ, వికారపు మొహం! ఎవడు చేసుకుంటాడే నిన్ను?" అనేది మైక్రోస్కోపులోకి వంగి.

"అమ్మా తల్లీ, అది క్యాన్సరు. దయ్యాలెత్తుకుపోతే పీడా పోతుంది. ముద్దుగా ఉందని అరిచి చెప్పు" అన్నాను ఒకసారి.

"ఇది చచ్చిపోతే ఆ మనిషికి ఏ మందు పనిచేస్తుందో ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

"నేను ఐసుపెట్టె మోసేవాణ్ణి."

"అయితే మోసుకో, పో."

ఆమెది పట్టుపురుగులు పెంచే ఇల్లు. మల్బరీ ఆకు కోసి, తుడిచి, వేళకి పురుగులకి వేయడం చిన్నప్పటి పని. పురుగుల గదిలో గట్టిగా మాట్లాడకూడదు, ఘాటు వాసనలు రాకూడదు. ఆ అలవాట్లన్నీ నాలుగో అంతస్తుకి తెచ్చుకుంది. చేపల ఊరగాయ తిన్న రోజున ఆ గదిలో ఊపిరి పీల్చుకోవడానికే మొహమాటపడేది. తల్లి పోయింది, ఇల్లు అమ్మేశారు. పెళ్లి కుదిరింది కూడా. పెళ్లికి ముందు మగాడు ఒక వానాకాలం కాషాయం కట్టి గుళ్లో ఉండి రావడం మా దగ్గర మామూలే కదా. ఆ పెళ్లికొడుకూ వెళ్లాడు. వానలు ఆగాయి, వరి కోతలు అయ్యాయి, ఆయన మాత్రం కాషాయం విప్పలేదు. ఇప్పటికీ విప్పలేదు. ఇంకో ఆడదాని దగ్గరికి పోయుంటే వెళ్లి జుట్టు పట్టుకుని లాక్కొచ్చేదాన్ననీ, బుద్ధుడితో పోట్లాడితే పాపం చుట్టుకుంటుందనీ చెప్పి సాయ్‌పిన్ నవ్వేది. చెప్పాక చేతులు చూసుకునేది.

సోంక్రాన్ నీళ్లపండగకి ఆసుపత్రి సగం ఖాళీ అవుతుంది. అందరూ ఊళ్లకి పోతారు. చిట్టిగడ్డలకి పండగ లేదు కాబట్టి సాయ్‌పిన్ ఉంటుంది. ఆ ఏడు పండగ రోజున ఎవరికో క్లోమం గడ్డ ఒత్తి పేగు మూసుకుపోయి ఆదరాబాదరాగా ఆపరేషన్ చేశారు. కబురందుకుని నేను ఆసుపత్రికి రోడ్డు దాటి వచ్చేలోపు పిల్లలు నా నెత్తిన బకెట్లు కుమ్మరించారు. నీళ్లోడుతూ పెట్టె అందించాను. ఆ రోజు పైకి వచ్చిన ముక్క అదొక్కటే.

ఆ ముక్క పెరిగినట్టు ఇంకేదీ పెరగలేదు. మిగతావి నీరసంగా వారం, రెండు వారాలు బతికి కరిగిపోతే, ఇది పళ్లెం నిండి ఇంకో పళ్లేనికి వచ్చింది. ప్రొఫెసర్ గారు మందులు పోయించారు. అన్నిటినీ నవ్వుతూ తాగేసింది, ఒక్కదానికి మాత్రం నల్లబడి ముడుచుకుపోయింది. సాయ్‌పిన్ కాగితం పట్టుకుని వార్డుకి పరుగెత్తింది. తిరిగి మెట్లెక్కి వచ్చేటప్పుడు ఆమె నడక చూసి నేనేమీ అడగలేదు. అప్పటికే ఆ మనిషిని ఇంటికి తీసుకుపోయారు, శవంగా.

మాకు పేర్లు తెలియనివ్వరు. నెంబర్లే. మనిషి పోయినా ఆ నెంబరు పళ్లెంలో పెరుగుతూనే ఉంది. సాయ్‌పిన్ ఆ పళ్లేలతో మాట్లాడటం అప్పటినుంచే ఎక్కువైంది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం బస్టాండు దగ్గర పులిసిన సాసేజులు కాల్చే ఖాంపున్ బండి దగ్గర ఇద్దరం నిలబడ్డాం. మనిషి బక్కపలచన, వాగుడెక్కువ. ఆ రోజు అడక్కుండానే పెళ్లాం సంగతి చెప్పాడు. పేరు బువాలై. ఈ సాసేజుల్లో వెల్లుల్లి పాళ్లు ఆవిడవే. సోంక్రాన్ పండగపూట ఊరంతా నీళ్లు చల్లుకుంటుంటే ఆవిణ్ణి ఆపరేషన్‌కి తీసుకుపోయారు.

సాయ్‌పిన్ నమలడం ఆపేసింది. నేను ఆమె మొహం చూశాను. వద్దని తల ఊపాను కూడా. కానీ ఆ మొహంలో రెండు మాటలు పెనుగులాడుతున్నాయి. మందు ఒకటి పనిచేసిందన్నది ఒక మాట. దాన్ని మింగేసింది. రెండోది మంచి మాట అనుకుంది, పాపం.

"బాబాయ్, బాధపడకు. పిన్ని పూర్తిగా పోలేదు. చిన్న ముక్క నా దగ్గర బతికే ఉంది. బాగా పెరుగుతోంది. రోజు విడిచి రోజు నేనే మేత పెడుతున్నాను."

ఖాంపున్ చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. సాసేజులు మాడాయి.

"బతికే ఉందా? మరి మేం పిలుచుకెళ్లింది ఎవర్ని?" అన్నాడు.

అప్పుడు గానీ సాయ్‌పిన్‌కి తను చేసింది అర్థం కాలేదు. ఆసుపత్రిలో పోయినవాళ్లని మంచం దగ్గర అగరొత్తులు వెలిగించి, పేరు పెట్టి పిలిచి, దారిలో ప్రతి వంతెన దగ్గరా "వంతెన వస్తోంది, మాతోపాటు దాటు" అని చెప్పుకుంటూ తీసుకెళ్తాం. లేకపోతే జీవం దారి తప్పి ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంది. ఖాంపున్ అన్నీ చేశాడు, మంచం దగ్గర. నాలుగో అంతస్తు సంగతి ఆయనకెవరు చెప్పారు?

"అదీ సంగతి! అందుకే కల్లో ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉంటోంది. చెప్పుల్లేకుండా. రావే అంటే కదలదు" అన్నాడు. ఆ తర్వాత మాతో మాట్లాడకుండా బండి కట్టేశాడు.

ఆ వారమంతా సాయ్‌పిన్ భోంచేశావా అని నన్ను అడుగుతూనే ఉంది గానీ జవాబు వినడం మానేసింది.

ఖాంపున్ రానే వచ్చాడు. భుజాన చేపలు పట్టే చేతివల, అందులో బువాలై రవికె ఒకటి, ఉడికించిన గుడ్డు, బుట్టలో జిగురన్నం, అరటిపండు, తెల్లదారం. ఇంకో చేతిలో అగరొత్తుల కట్ట. లిఫ్టులో జనం దూరం జరిగారు.

"రెండూ తెచ్చానమ్మాయ్" అన్నాడు సాయ్‌పిన్‌తో. "చచ్చినవాళ్లకి అగరొత్తులు. బతికుండి జీవం చెదిరినవాళ్లకి వల, గుడ్డు. బువాలైది ఏ లెక్కో మా ఊరి పెద్దాయనకే తెలీలేదు. రెండూ పట్టుకుపో, అది దేనికి వస్తే దానికి వస్తుందన్నాడు."

"ఇక్కడ పొగ పెట్టకూడదు బాబాయ్. గంటలు మోగుతాయి."

"నా భార్యని తిన్నదానికి పాలు పోసి సాకొచ్చు గానీ, నా భార్యకి ఒక అగరొత్తి వెలిగించకూడదా?"

ఆ మాటకి సాయ్‌పిన్ గోడకి చేరబడింది. నాకు ఒళ్లు మండి ఏదో అనబోయాను. ఆమె చేత్తో ఆపింది.

"అది రోగమా, నా బువాలైనా? అది చెప్పు నాకు" అన్నాడు ఖాంపున్.

"రెండూ బాబాయ్. విడదీయడం కుదరలేదు. కుదిరుంటే డాక్టర్లు విడదీసి ఆవిణ్ణి నీకిచ్చేసేవాళ్లు."

ప్రొఫెసర్ గారు బయటికి వచ్చారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఖాంపున్‌కి నమస్కరించి, ఆయన వద్దంటే ఉంచుకునే హక్కు మాకు లేదని చెప్పారు. పళ్లేలన్నీ ఇచ్చేయమన్నారు. తర్వాత సాయ్‌పిన్‌ని పక్కకి పిలిచి గొంతు తగ్గించారు.

"చలిపీపాలో గడ్డకట్టించి దాచినవి ఉన్నాయిగా. అవి బతికున్నవీ కావు, చచ్చినవీ కావు. ఆయన పళ్లేల గురించే అడిగాడు. నువ్వు ఎలా అనుకుంటే అలా చెయ్యి."

చలిపీపా గదిలోకి నేనూ వెళ్లాను, మూత బరువు. సాయ్‌పిన్ మందపాటి చేతితొడుగులు వేసుకుని ఒక్కో గొట్టాన్నీ పైకి తీసింది. చివరిది మాత్రం పట్టుకుని నిలబడిపోయింది.

"ఇదొక్కటి ఉంచుకుంటే ఎవరికి తెలుస్తుందన్నా?"

"ఎవరికీ తెలీదు."

"నువ్వు వద్దంటావనుకున్నాను."

"నేనెందుకంటాను? నీ ఇష్టం."

"అందరూ పోయారన్నా. అమ్మ పోయింది. ఆయన గుడికి పోయాడు. పెంచినవన్నీ కరిగిపోయాయి. ఇదొక్కటే నాతో ఉంది. క్యాన్సరని నాకు తెలీదా? తెలుసు. అయినా పొద్దున్నే తలుపు తీస్తే నాకోసం పెరిగింది ఇదొక్కటే." ఏడుపు రాలేదు ఆమెకి, వచ్చుంటే బాగుండేది. "కానీ ఆవిడ గేటు దగ్గర చెప్పుల్లేకుండా నిలబడిందట."

గొట్టాన్ని మిగతావాటి పక్కన పెట్టేసింది.

ఆ గొట్టాల ట్రే పట్టుకుని బయటికి వచ్చేసరికి వాటి మీదనుంచి తెల్లటి ఆవిరి లేచి నేలమీదికి పాకింది. ఖాంపున్ చూశాడు. చేతిలోని అగరొత్తుల కట్ట కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు. అది ఉత్త చలి ఆవిరేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ప్రొఫెసర్ గారికీ రాలేదు.

పెంపకం గది గుమ్మం దాకా మాత్రం ఆయన్ని రానిచ్చారు. చెప్పులు విప్పి, గుమ్మంలో నిలబడి, వల లోపలికి చాచి, వరిమడిలో రొయ్యలు పట్టినట్టు గాలిలో మెల్లగా తోడాడు.

"రావే బువాలై. ఎంతసేపు పడతావే చేపలు? చీకటి పడుతోంది. మన అమ్మాయిలు అన్నం ముందేసుకుని కూచున్నారు. వెల్లుల్లి పాళ్లు నాకు కుదరట్లేదు, తిట్టడానికైనా రా."

లోపల సాయ్‌పిన్ పళ్లేలు, గొట్టాలు అన్నీ వరసగా పెట్టుకుంది. ఫార్మలిన్ సీసా మూత తీసింది. పోసే ముందు వంగి, ఇన్ని నెలలూ వికారం, దిష్టిబొమ్మ అని తిట్టిన నోటితోనే, అందరికీ వినబడేలా, దయ్యాలకి కూడా వినబడేలా, "ఎంత ముద్దుగా ఉన్నావే!" అంది.

తర్వాత పోసింది.

మిగిలినదంతా చిన్న సీసాలోకి తీసి, రవికెలో చుట్టి వలలో పెట్టారు. ఖాంపున్ మూడుచక్రాల బండి తోలాలి, రెండు చేతులూ దానికే సరిపోతాయి. వల పట్టుకోవడానికి మనిషి కావాలి. సాయ్‌పిన్ ఎక్కి ఒళ్లో పెట్టుకుంది. వెనక నా మోటారుసైకిల్ మీద నేను. చీ నది వంతెన రాగానే ఖాంపున్ ఇంజను చప్పుడుకి మించి అరిచాడు: "చెప్పమ్మాయ్! ఎవరు పట్టుకుంటే వాళ్లే చెప్పాలి!"

సాయ్‌పిన్ వలని ఒళ్లోకి ఇంకాస్త లాక్కుంది. నెంబరు తప్ప ఏనాడూ పేరుతో పిలవలేదు కదా. ఆ తర్వాత వినబడింది: "బువాలై పిన్నీ, వంతెన వస్తోంది. మాతోపాటు దాటు." తర్వాత కాలవ దగ్గర చెప్పింది. మూడు దార్ల కూడలిలో చెప్పింది. ఊరు దగ్గరపడేకొద్దీ ఆమె గొంతు పెద్దదైంది, పక్కనున్న మనిషికి దారి చెబుతున్నట్టే.

గుడి వెనక రవికెతో సహా కాల్చి, ఆ బూడిదని ప్రహరీగోడలో బువాలై ఎముకలున్న గూట్లో పెట్టారు. అంతా అయ్యాక ముగ్గురం అరుగు మీద కూచున్నాం. వలలో గుడ్డు, అన్నం మిగిలిపోయాయి. ఖాంపున్ గుడ్డు తీసుకుని పెంకు వలవడం మొదలుపెట్టాడు.

"ఏ మందుకైనా లొంగిందా అది?" అని అడిగాడు, తలెత్తకుండా.

సాయ్‌పిన్ బస్టాండులో మింగేసిన మాట ఇప్పుడు బయటికి తీసింది. "ఒకదానికి లొంగింది బాబాయ్. అప్పటికి ఆవిడ లేదు."

ఖాంపున్ పెంకు వలుస్తూనే ఉన్నాడు. గుడ్డుకి ఇక పెంకు మిగల్లేదు, అయినా వలుస్తున్నాడు. "ఆ సంగతి డాక్టర్లకి చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను."

"సరే అయితే." గుడ్డు ఆమె చేతిలో పెట్టాడు. "తిను. ఇది బతికున్నవాళ్లకని తెచ్చింది. మా ఆవిడకిక అక్కర్లేదు. వంతెన దగ్గర నీ గొంతు విన్నాను. నీ జీవం కూడా ఎక్కడో చెదిరిపోయింది, నీకు తెలీట్లేదు. చెయ్యి చాపు."

తెల్లదారం ఆమె మణికట్టుకి చుట్టి, ముడి వేయబోతూ ఆగాడు. "ఎక్కడికి పిలవమంటావు? ఏ ఇల్లో చెప్పి పిలవాలి కదా."

సాయ్‌పిన్ నోరు తెరిచింది. గుడ్డు నోట్లోనే ఉంది. నా వైపు చూసింది, నాకేదో తెలుసన్నట్టు. తర్వాత, "గదికి తాళం వేసొచ్చాను బాబాయ్. నాకంటే ముందే అది చేరితే తలుపు ఎవరు తీస్తారు?" అంది.

జోక్ చేద్దామనే అంది. మేమిద్దరం నవ్వలేదు. అప్పుడు ఏడ్చింది, అమ్మేసిన పురుగుల ఇంటినీ, గుడికి పోయిన మనిషినీ పైకే తలుచుకుంటూ, గుడ్డు నములుతూ, గుటకలేస్తూ, చిన్నపిల్లలా. ఖాంపున్ ఓదార్చలేదు. దారం చివర్లు పట్టుకుని, అదే పిలుపు, అదే గొంతుతో పిలిచాడు.

"రావే సాయ్‌పిన్ జీవమా. ఏ గదిలో ఉన్నా రా, ఏ పురుగుల ఇంట్లో ఉన్నా రా, ఏ గుడి గుమ్మం ముందు నిలబడ్డా రా. ఈ చేతికి రా. ఇంటి సంగతి తర్వాత చూసుకుందాం."

ముడి వేశాడు.

మర్నాడు పొద్దున్నే సాయ్‌పిన్ పనిలో ఉంది. పెంపకం గదిలో చేతికి ఉంగరం కూడా ఉండకూడదు, దారం మాట చెప్పక్కర్లేదు. పొడుగు తొడుగు దాని మీదికి లాగి, ఇంకో తొడుగు వేసి, టేపు చుట్టుకుంది. ఆ దారాన్ని మూడు రోజులకి విప్పేయొచ్చు. ఆమె విప్పలేదు. వెచ్చటి పెట్టెలో పై అర ఖాళీగా ఉంది. పొద్దున తలుపు తీసి, ఆ ఖాళీ అర చూసి, మళ్లీ మూసేదట. మూసేది, మళ్లీ తీసేది. పక్క గది పిల్ల చెప్పింది నాకు.

ఆ వారం చివర్లో థియేటర్ నుంచి కొత్త ముక్క వచ్చింది. పెట్టె పట్టుకుని నాలుగో అంతస్తుకి వెళ్లాను. ఆమె చేతులు చాపింది. నేను పెట్టె ఇవ్వలేదు.

"భోంచేశావా?" అని అడిగాను.

ఎన్నేళ్లుగానో తను అడిగే మాటే. కొత్తమాట విన్నట్టు నిలబడిపోయింది. తొడుగు కింద దారం ఉన్నచోట రెండో చేత్తో పట్టుకుంది.

"లేదన్నా" అంది.